నా మంచు ఫొటో వెంట, మదనపల్లె నుంచి కుప్పం దాకా

సొంతూరికి పోవడం యాత్ర ఎట్లా అవుతుందని మీరు అడగొచ్చు. నేనూ అట్లాగే అనుకుని బయలుదేరాను. స్కాట్లాండులో ఉత్తరాన ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో డాక్టరుగా చేరి ఏడాదిన్నర అయింది. మొదటిసారి సెలవు దొరికింది. మదనపల్లెలో మా అన్న ఇంటి మిద్దె మీద ఎండలో కూర్చుని, తల ఆరబెట్టుకుని, కడుపు నిండా తిని, వచ్చిన దారినే తిరిగి పోదామనుకున్నాను. అట్లా జరగలేదు. నాకంటే ముందే నా ఫొటో ఒకటి ఈ పక్క ఊళ్ళన్నీ తిరిగింది. దాని వెంట నేను కూడా తిరగాల్సి వచ్చింది. కోపంతో మొదలుపెట్టిన తిరుగుడు అది. తిరిగి నా గదికి చేరి ఈ నాలుగు మాటలు రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం పూర్తిగా చల్లారలేదు. చదివేవాళ్ళు కొంచెం ఓర్చుకోవాలి.

మదనపల్లె

మా అన్న శామ్యూల్‌కు మదనపల్లెలో మందుల షాపు ఉంది. బెంగళూరు విమానాశ్రయానికి కారు తీసుకొచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. జనవరి చివరి రోజులు. అన్న తలకు మంకీ క్యాపు, మెడకు మఫ్లరు. నేను నూలు చుడీదారుతో కిటికీ అద్దం దించుకుని కూర్చున్నాను. దారి పొడుగునా అద్దం ఎత్తమని బతిమాలుతూనే ఉన్నాడు. మంచులోంచి వచ్చిన దానికి ఈ చలి ఒక లెక్కా అని నేను, మంచు వేరే మన చలి వేరే అని ఆయన.

మరుసటి రోజు పొద్దున కారం దోసె తిందామని ఇద్దరం బస్టాండు వైపు పోయాం. దోసె ఎర్రగా, పైన ఇంత ఉల్లిగడ్డ కారం. ఏడాదిన్నర కల అది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని తలెత్తితే ఎదురుగా ఫ్లెక్సీ మీద నేనున్నాను.

నీలం రంగు కోటు, తల మీద హెల్మెట్టు, కాళ్ళకు మంచు మీద జారే పొడుగాటి స్కీ పలకలు, నోరంతా తెరిచి నవ్వు. మనిషి ఎత్తుకు రెండింతలు. పైన పెద్ద అక్షరాలు: విదేశాల్లో నర్సు ఉద్యోగం, మూడు నెలల్లో వీసా, మంచు ఆటల మధ్య కొత్త జీవితం. కింద నా పేరు: మా ద్వారా వెళ్ళిన మన ఊరి డాక్టర్ కరుణ గారు. అంతటితో ఆగలేదు. నా వెనక ఉండాల్సిన గుండ్రటి బోడి కొండను తీసేసి, సూదుల్లాంటి తెల్లటి శిఖరాలు పెట్టారు. నా రంగు కూడా మార్చారు. మా అమ్మ నాకిచ్చిన నలుపును కడిగేసి, గోధుమ పిండి రంగు పూశారు. మంచులో ఆడుకోవాలంటే మనిషి కూడా తెల్లగా ఉండాలని ఎవరు నిర్ణయించారో తెలియదు.

నేను ఏ ఏజెన్సీ ద్వారానూ పోలేదు. దోసె అక్కడే వదిలేసి లేచాను. అన్న డబ్బులిచ్చి వెనకాలే వచ్చి, ఫ్లెక్సీ వైపు చూసి తల దించుకున్నాడు. ఆ ఫొటో నేను ఆయనకు పంపిందే. మురిపెంగా తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. అక్కడి నుంచే ఎవరో తీసుకున్నారు. ఏడెనిమిది నెలలుగా అది ఊళ్ళో ఉన్నా నాకు చెప్పలేదు, బాధపడతానని. వదిలెయ్యి పాపా, నాలుగు దినాలు ఉండి పోయేదానివి, మనకెందుకు గొడవ అన్నాడు. ఆయన స్వభావమే అది. షాపులో ఎవరైనా మందు వాపసు తెచ్చి అరిస్తే తానే క్షమాపణ చెప్పే మనిషి.

ఆ ఫొటో తీసిన రోజు

నాకు అంత కోపం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ ఫొటో సంగతి చెప్పాలి.

కుప్పంలో ఒక ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా చదివి పరీక్షలు రాశాను. ఒకసారి తప్పాను కూడా. ఎట్లాగో గట్టెక్కి అక్కడ చేరిన కొద్ది నెలలకే చలికాలం ముంచుకొచ్చింది. మధ్యాహ్నం టీ తాగి కప్పు కడిగేలోపల చీకటి పడేది. సముద్రం గాలి మనిషిని పక్కకు తోసేది. గదిలో వేడినీళ్ళ యంత్రం రెండు రోజులకొకసారి ఆగిపోయేది. దాన్ని బాగుచేసే మనిషి వచ్చేది పక్క ఊరి నుంచి, అదీ ఆయనకు కుదిరినప్పుడు. రోగులు చెప్పే ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది కాదు. నేను చదువుకున్నది ఆ ఇంగ్లీషు కాదు. ఒక ముసలామె తన నొప్పి గురించి చెబుతుంటే, నేను తల ఊపి బయటికొచ్చి నర్సును అర్థం అడిగాను. ఆదివారం చర్చిలో నాతో కలిపి ఎనిమిది మంది ఉంటే గొప్ప. మదనపల్లెలో మా చర్చికి ఆలస్యంగా పోతే చెప్పుల దగ్గర నిలబడాలి. అక్కడి అంగట్లో టమోటాలు ఆరంటే ఆరు, ప్లాస్టిక్ డబ్బాలో, ఒక్కొక్కటి గోలీకాయంత. రుచి లేదు. ఆ ధరకు మా మార్కెట్లో పెద్ద బాక్సు నిండుగా ఇస్తారు.

అప్పుడు మా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు మోరాగ్ అనే ఆమె నా ముఖం చూసి, ఈ శనివారం నాతో కొండకు రమ్మంది. రానంటే వినలేదు. ఆమె కారు చలికి స్టార్ట్ కాలేదు. ఇద్దరం తోశాం. కొండ దగ్గర బూట్లు, స్కీలు అద్దెకు తీసుకున్నాం. ఆ ఒక్కరోజు అద్దెతో మదనపల్లెలో మంచి తోలు బూట్లు కొనుక్కోవచ్చు. ఆ బూట్లు వేసుకుంటే రెండు కాళ్ళకూ సిమెంటు కట్టు కట్టినట్టే. ఎంతమందికి అట్లాంటి కట్టు కట్టించి ఇంటికి పంపానో, వాళ్ళెట్లా నడిచారో ఆరోజు తెలిసింది.

అక్కడి మంచు మనం సినిమాల్లో చూసే దూది మంచు కాదు. పొద్దున గట్టి గడ్డ, ఎండొస్తే బురద. మధ్యమధ్యలో రాళ్ళు, గోధుమ రంగు పొదలు. నిలబడితే పడ్డాను. నిలబడకుండా కూర్చుందామన్నా జారాను. నర్సరీ బడి పిల్లలు చేతికర్రలు కూడా లేకుండా నా పక్క నుంచి బాణాల్లా పోతున్నారు. నేర్పించే ముసలాయన కాళ్ళను ముందువైపు దగ్గర చేసి, వెనక వైపు విడదీసి, ముగ్గు వేసేటప్పుడు గీసే మూల లాగా పెట్టమన్నాడు. పోలిక నాది, ఆయన తన కాళ్ళతోనే చూపించాడు. గాలి ఎక్కువై పైకి తీసుకుపోయే లిఫ్టు ఆపేశారు. గుడిసెలాంటి హోటల్లో బార్లీ వేసిన మటన్ చారు తాగాం. మిరియాలు మరిచిపోయిన మా ఇంటి చారు అది.

గాలి తగ్గాక మళ్ళీ పోయాం. ఆ పూట చివర్లో, ఒక బస్సు పొడుగంత దూరం, పడకుండా జారి నాకై నేను ఆగాను. నవ్వొచ్చింది. ఆ దేశంలో అడుగుపెట్టాక నాకు వచ్చిన మొదటి నవ్వు అది. అప్పుడు మోరాగ్ తీసింది ఆ ఫొటో. మరుసటి రోజు మెట్లు దిగలేకపోయినా ఆ వారమంతా వార్డులో నా నడక మారింది. రెండో చలికాలానికి ఊరి మంచు హాల్లో కర్లింగ్ ఆటలో కూడా చేరాను. గుండ్రటి బరువు రాయిని మంచు మీద జార్చి వదిలితే, జట్టువాళ్ళు చీపురు లాంటి బ్రష్షుతో దాని ముందర మంచును రుద్దుతూ పరుగెత్తుతారు. పోస్టుమాస్టరు, చేపల బండాయన, పాస్టరు, అందరూ నడుము వంచి కసువు ఊడ్చినట్టు ఊడుస్తారు. ఆ హాల్లోనే నాకు ఆ ఊరివాళ్ళ భాష పట్టుబడింది. వాళ్ళకు నా పేరు పలకడం వచ్చింది.

అట్లా సంపాదించుకున్న నవ్వు అది. దాన్ని ఎత్తుకుపోయి, రంగు మార్చి, అమ్ముకుంటున్నారు.

మెట్ల పైన ఆఫీసు

ఫ్లెక్సీ మీద ఉన్న అడ్రసు పట్టుకుని పోయాం. సెల్‌ఫోన్ల షాపు పైన ఒక గది. ఏసీ, గాజు బల్ల, వెనక గోడ నిండా మళ్ళీ నా ఫొటోనే. దాని కింద కూర్చున్న అమ్మాయి మమ్మల్ని కూర్చోమంది, నీళ్ళిచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు. మీకేనా మేడమ్, చెల్లెలికా అని అడిగింది. అన్న నోరు తెరవబోతే కాలు తొక్కాను.

ఆ అమ్మాయి గోడ వైపు చెయ్యి చూపించి నా కథ నాకే చెప్పింది. ఈ మేడమ్ పుట్టింది ఈడే, మా సారే పంపించినాడు, మూడు నెలల్లో వీసా వచ్చింది, శనివారం ఆదివారం మంచులో ఆటలే, పరీక్షలన్నీ సారే సూసుకుంటాడు, మీరు ఒరిజినల్ సర్టిఫికెట్లు, అడ్వాన్సు ఇస్తే సాలు అంది. సర్టిఫికెట్లు ఎక్కడ పెడతారని అడిగాను. ఆఫీసులో భద్రం ఉండదని సారు ఏ ఊరికి పోయినా తన కార్లోనే పెట్టుకుంటాడట. ఆదివారం కుప్పంలో కల్యాణ మండపంలో పెద్ద మీటింగు ఉంది, సారు అక్కడ కలుస్తాడు అని కూడా చెప్పింది.

"ఆ ఫొటోలో ఉండేది నేనేనమ్మా" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసింది, గోడను చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "ఆ మేడమ్ తెల్లగా ఉంటాది మేడమ్" అంది మర్యాదగానే.

కారు దగ్గరికి వచ్చాక అన్న, ఆదివారానికి ఇంకా టైముంది గదా, దారిలో పుంగనూరు చూసుకుని పోదామా అని అడిగాడు. అక్కడ కూడా ఒక ఫ్లెక్సీ ఉందట.

పుంగనూరు

పుంగనూరులో ఒక రక్తపరీక్షల ల్యాబు గోడకు ఉంది రెండోది. ల్యాబు ఆయన మంచివాడే. తీసేయమంటే, అద్దె తీసుకున్నాను, వాళ్ళను అడగకుండా ఎట్ల తీసేది అన్నాడు. నేను గొంతు పెంచాను. అప్పుడు లోపల కూర్చున్న ఒకమ్మాయి లేచి వచ్చింది. సన్నగా, చేతిలో టిఫిన్ బాక్సు. నా ముఖం కాదు, నోటి వైపు చూసింది. నా ముందరి పన్ను ఒకటి కొంచెం విరిగి ఉంటుంది. రంగు మార్చినవాళ్ళు దాన్ని మరిచిపోయారు.

"మేడమ్, మీరేనా?" అంది. "దినామూ మిమ్మల్ని సూసే పనికి పోతాన్నాను."

ఆమె పేరు రాజేశ్వరి. ఇంట్లో రాజీ అంటారు. నర్సింగ్ చదివింది. పుంగనూరులోనే ఒక నర్సింగ్ హోంలో పనిచేసేది. మూడు నెలల్లో వీసా వస్తుందని ఏజెంటు చెబితే ఉద్యోగం మానేసింది. సర్టిఫికెట్లు ఇచ్చేసింది. ఇప్పుడు నెలలు గడిచిపోయాయి. సర్టిఫికెట్లు లేకపోతే ఇంకెక్కడా నర్సుగా తీసుకోరు. అందుకని ల్యాబులో రక్తం తీసే పని చేస్తోంది. నేను అసలు ఆ ఏజెన్సీ ద్వారా పోనేలేదని చెబితే, ఆ పిల్ల టిఫిన్ బాక్సు బల్ల మీద పెట్టేసింది. తర్వాత, ఈ మాట మా నాయనకు మీరే సెప్పండి మేడమ్, నాకు సెప్పే ధైర్యం లేదు అంది.

వాళ్ళది సదుం పోయే దారిలో ఒక పల్లె. వర్షాధారం చేలు, మధ్యలో రాతి గుండ్లు, ఇంటికొక పశువుల కొట్టం. రాజీ నాయన మునెప్ప మమ్మల్ని చూసి, చెప్పే మాట వినకముందే కాళ్ళకు నీళ్ళిచ్చి అన్నానికి కూర్చోబెట్టాడు. రాగి సంగటి, వేరుశనగల ఊరుబిండి, అలసందల పులుసు. సంగటి వేడి వేళ్ళకు తగులుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, కారం వల్ల అని చెప్పాను. తిన్నంతసేపూ ఆయన నన్ను అడిగింది ఒక్కటే సంగతి. మంచు పడితే ఆ దేశంలో గొర్రెలను యాడ తోలతారు, అవి ఏం తింటాయి అని. ఆ కొండల్లో మంచు మీద కూడా గొర్రెలు తిరుగుతుంటాయనీ, మందలు కలిసిపోకుండా వాటి వీపుకు ఎర్ర రంగో నీలం రంగో పూస్తారనీ చెప్పాను. మనం కూడా పూసేది అందుకే గదా అని ఆయన సంతోషపడ్డాడు. అంత దూరంలో తెలిసిన పని ఒకటి ఉందని ఆయనకు ధైర్యమొచ్చినట్టుంది.

తర్వాత కొట్టం చూపించాడు. ఖాళీగా ఉంది. పుంగనూరు పొట్టి ఆవులు రెండు ఉండేవి. ఆయన నాయన కాలం నుంచి ఉన్న సంతతి. ఏజెంటుకు కట్టడానికి అమ్మేశాడు. కొన్నాయన సిటీలో బంగళా ముందర పచ్చిక మీద చూడముచ్చటగా ఉంటాయని తీసుకుపోయాడట.

నేను ఆ కొట్టంలో నిలబడే నిజం చెప్పాను. ఆ ఏజెంటు నన్ను పంపలేదు, నేను ఎవరికీ ఏమీ కట్టలేదు, మా ఆసుపత్రి కూడా నర్సుల దగ్గర డబ్బు తీసుకోదు, పరీక్షలు ఒకరి బదులు ఒకరు చూసుకునేవి కావు అని. మునెప్ప ఆవులను కట్టే గూటం చేతిలోకి తీసుకుని, ఊరికే నేల మీద పెట్టాడు. "మీ నవ్వు సూసి నమ్మినామమ్మా" అన్నాడు. "నవ్వు అబద్ధమాడదు గదా అనుకున్నాం."

ఆదివారం కుప్పానికి మాతో రమ్మని తండ్రినీ కూతురినీ అడిగాను. అన్న కారులో సీట్లు సర్దడం మొదలుపెట్టాడు.

వి.కోట దారి

ఆదివారం పొద్దున తండ్రీకూతుళ్ళను ఎక్కించుకుని బయలుదేరి, పలమనేరు దాటి వి.కోట దగ్గర టీకి ఆగాం. రోడ్డు పక్కన టమోటాలు కుప్పలుగా పారబోసి ఉన్నాయి. రేటు లేదు, బాడుగ కూడా రాదని రైతులు తెచ్చిన ట్రాక్టర్లు అక్కడే తిరగేసి పోయారట. ఎర్రగా, పండినవి. ఆవులు కూడా మొహం మొత్తి వాసన చూసి వదిలేస్తున్నాయి. నాకు ఆ ప్లాస్టిక్ డబ్బాలో ఆరు గోలీలు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఎవరి మీద అరవాలో తెలియక టీ కొట్టు ఆయన మీద అరిచాను. ఆయన పాపం, నేనేం జేసేదమ్మా, నావీ రెండెకరాలు ఉండాయి ఇట్లనే అన్నాడు.

కారు వైపు తిరిగి రెండడుగులు వేశానో లేదో, ఆ గుజ్జు మీద కాలు జారి వెల్లకిలా పడ్డాను. రెండు చలికాలాలు గడ్డకట్టిన కొండ మీద ఎముక విరగకుండా బతికినదాన్ని, వి.కోటలో టమోటాల మీద పడ్డాను. మునెప్ప తల తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు. రాజీ ఆపుకోలేకపోయింది. చుడీదారు వెనకంతా ఎర్ర మరకలతోనే కుప్పం చేరాను. మార్చుకోవడానికి ఇంకొకటి తెచ్చుకోలేదు.

కుప్పం

కుప్పంలో నేను మూడేళ్ళు పనిచేశాను. ఒకే వాక్యంలో తెలుగు, తమిళం, కన్నడం కలిపి జబ్బు చెప్పే ఊరు. స్కాట్లాండు మాట అర్థం కాక ఏడ్చిన రోజుల్లో, కుప్పం ఓపీని తలుచుకునే ధైర్యం తెచ్చుకున్నాను.

మండపం నిండా జనం. ఎక్కువగా ఆడపిల్లలు, తల్లిదండ్రులు. కొందరు యూనిఫాంతోనే వచ్చారు, నైట్ డ్యూటీ దిగి. స్టేజీ మీద అదే ఫొటో. ఏజెంటు ముప్పై అయిదేళ్ళవాడు. తెల్ల చొక్కా, మెత్తటి గొంతు. నేను మైకు దగ్గరికి నడిచిపోతే పారిపోతాడనుకున్నాను, లేదా అరుస్తాడనుకున్నాను. అతను రెండూ చేయలేదు. రెండు క్షణాలు నన్ను చూసి, చేతులు జోడించాడు.

"అక్కా, ఫోన్ చేసింటే కారు పంపించేవాళ్ళం గదా" అన్నాడు. మైకులో జనానికి చెప్పాడు, ఇంత దూరం మన కోసం వచ్చినారు మన డాక్టరక్క అని. ఎవరో శాలువా తెచ్చారు. నేను తేరుకునేలోపల అది నా భుజాల మీద ఉంది. జనం చప్పట్లు కొడుతున్నారు. వెనక టమోటా మరకలు, ముందర శాలువా. నా జీవితంలో అంత అవమానం నేనెప్పుడూ పడలేదు.

శాలువా తీసి కుర్చీ మీద పెట్టాను. మైకు తీసుకున్నాను. ఈయన నన్ను పంపలేదు, ఈ రోజు దాకా ఈయన ముఖం నేను చూడలేదు, ఆ కొండలు నావి కావు, ఆ రంగు నాది కాదు అని చెప్పాను. అక్కడితో ఆపి ఉండాల్సింది. కోపంలో ఆగలేదు. చీకటి మధ్యాహ్నాలు, ఒంటరి ఆదివారాలు, తప్పిన పరీక్ష, మంచులో పడ్డ పాట్లు, అన్నీ చెప్పుకుంటూ పోయాను.

మధ్యలో ఒకామె లేచింది. నా వయసే ఉంటుంది. యూనిఫాం మీద స్వెటరు.

"మీరు పోయినారు" అంది. "బాగుండారు. ఆడ మంచులో ఆడుకుంటాండారు. మేము ఈడ ఒక వార్డుకు ఒక నర్సుగా సస్తాండాం. మేము పోతామంటే మాత్రం కష్టాలు సెప్తాండారు. యాల మేడమ్?"

ఆమె కోపం ఏజెంటు మీద కాదు, నా మీద. హాల్లో చాలామంది తలలు ఊగాయి. నేను తీసుకొచ్చిన కోపమంతా అక్కడ ఒక్క నిమిషం దారి తప్పింది. ఆమె అడిగింది న్యాయమే.

"పోవద్దని నేను సెప్పనమ్మా" అన్నాను. నా నోట్లోంచి కూడా మా ఊరి మాటే వచ్చింది. "అందరూ పోండి. సదువుకుని, పరీక్ష రాసి పోండి. ఈయనకు మాత్రం మీ సర్టిఫికెట్లు ఇయ్యద్దండి. ఇచ్చినవాళ్ళు ఈ దినమే వాపసు అడగండి."

అతను మెత్తగానే, సర్టిఫికెట్లు బెంగళూరు ఆఫీసులో ఉండాయి, సోమవారం వస్తే ఇస్తాం అన్నాడు. మీ కార్లోనే ఉంటాయని మీ ఆఫీసు అమ్మాయే చెప్పిందన్నాను. అతను నవ్వి, మీటింగు అయిపోయింది, భోజనాలు చేయండి అని పక్క వాకిలి వైపు నడిచాడు.

అప్పుడు రాజీ కుర్చీ ఎక్కింది. మైకు అవసరం లేకుండా, నావి ఇచ్చి పో అని ఒక్క కేక వేసింది. పక్కనే ఇంకో అమ్మాయి లేచింది, ఆమె వెనక ఇంకొకరి తండ్రి. హాలంతా లేచి అతని వెనకాల బయటికొచ్చింది.

బయట అతని తెల్ల కారు గోడ పక్కనే ఉంది. దానికి అడ్డంగా, బంపరుకు బంపరు ఆనించి, మా అన్న కారు. ఎప్పుడు లేచిపోయాడో నేను చూడలేదు. మంకీ క్యాపు పెట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఉన్నాడు. ఏజెంటు అద్దం కొట్టి కారు తీయమంటే, అన్న అద్దం కొంచెం దించి, "పిల్లోల్ల కాయితాలు ఇచ్చేసెయ్యప్పా, తీస్తాను" అని మళ్ళీ ఎత్తేశాడు.

ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. వాళ్ళు వచ్చేలోపలే, జనం మధ్య దారి లేక, అతనే డిక్కీ తెరిచాడు. సంచుల్లో ఫైళ్ళు. పేర్లు పిలిచి ఇస్తుంటే పండగ సరుకులు పంచినట్టు తోపులాట. రాజీ ఫైలు వచ్చాక మునెప్ప దాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకు చదువు రాదు. ఒక్కొక్క కాగితం తీసి కూతురి ముందర పట్టుకుని, నీ పేరే ఉండాదా, సదువు అన్నాడు. రాజీ ప్రతి కాగితం మీద తన పేరు పైకి చదివింది. అన్నీ అయిపోయాక కూడా, మొదటిది మళ్ళీ ఒకసారి సదువు అన్నాడు.

తిరిగొచ్చాక

కుప్పం స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చాం. నా సంతకం కింద చాలా సంతకాలు పడ్డాయి. ఫ్లెక్సీలు దిగాయి. కట్టిన డబ్బు మాత్రం ఎవరికీ ఇంకా పూర్తిగా రాలేదు, కేసు నడుస్తోంది. మునెప్ప ఆవులు బంగళా ముందరే ఉన్నాయి. అడిగితే, పిల్లలు వాటికి పేర్లు పెట్టుకున్నారు, ఇచ్చేది లేదు అన్నారట. వినడానికి చిన్న మాటే కానీ తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు బిగుసుకుంటాయి.

అన్న ఆ రోజు గురించి ఎవరైనా పొగిడితే, కారు యాడ నిలపాల్నో తెలియక ఆడ నిలిపినాను అంటాడు.

రాజీ ఇప్పుడు మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో చేరింది. ఇంగ్లీషు పరీక్షకు చదువుతోంది. ఆ పరీక్షలో మాట్లాడే భాగం ఒకటి ఉంటుంది. ఒకరు రోగిగా, ఒకరు నర్సుగా మాట్లాడాలి. వారానికొకసారి ఫోన్లో నేను రోగిని, ఆమె నర్సు. మొదట్లో అన్నింటికీ సారీ సారీ అని ఏడుపు గొంతుతో మాట్లాడేది. పోయిన శనివారం కర్లింగ్ అయిపోయి గదికి వచ్చి ఫోన్ చేశాను. ఈసారి కొంచెం కష్టమైన రోగిగా ఉందామనిపించింది. నేను చేరిన మొదటి నెలలో ఒక పెద్దాయన నా ముఖం చూసి గాయమైన చెయ్యి వెనక్కి లాక్కుని అన్న మాటే రాజీతో అన్నాను. నాకు నువ్వు వద్దు, ఈ ఊరి మనిషినెవరినైనా పంపించు అని. ఆ రోజు నేను సరేనని బయటికి నడిచి, మందుల గదిలో నిలబడ్డాను.

రాజీ ఈసారి సారీ అనలేదు. మెల్లగా, ఒక్కొక్క మాట కూర్చుకుంటూ, తప్పు లేని ఇంగ్లీషులో చెప్పింది. "ఈరోజు మీ నర్సును నేనే. ముందు గాయం చూస్తాను, కట్టు మారుస్తాను. ఆ తర్వాత నా మీద ఫిర్యాదు చేసుకోండి, కాగితం కూడా నేనే తెచ్చిస్తాను. చెయ్యి ఇటివ్వండి."

నేను ఫోన్ లేని చేతిని ముందుకు చాపాను.